చింతపండుతో తోమిన బిళ్ల

మా తాత మిల్లు గేటు దగ్గర చూపించే పాత నంబరు బిళ్ల తళతళా మెరుస్తోంది. ఈ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద పాత చీరముక్క పరిచి ఉంది. దాని మీద దీపపు కుందులు, రాగి చెంబులు, గంట, హారతి పళ్లెం. వాటి పక్కనే, అదే వరుసలో, గోడకు తగిలించే పెట్టె కోసం నేను సేమ్యా డబ్బాలో దాచుకున్న పాత సామాను. బిళ్ల, చిల్లు పైసా, బాపు (మా నాన్న) చేతిగడియారం వెనకమూత, ట్రంకుపెట్టె తాళంచెవి. దసరా ముందొచ్చే పెత్రమాస దగ్గరికొచ్చింది కదా, అత్తమ్మ ఇంట్లోని ఇత్తడి, రాగి మొత్తం కిందికి దించారు. నావి కూడా అందులో కలిసిపోయాయి.

"గింత మురికి పట్టినయ్ పెట్టెల పెట్టి గోడకు తగిలిస్తవా బిడ్డా? చింతపండు పెట్టి తోమిన. చూడు, ఎట్ల మెరుస్తున్నయో!"

ఆమె ముఖంలో ఎంత సంతోషమో. "మంచిగైనయ్ అత్తమ్మా" అని లోపలికి వెళ్లిపోయాను. తలుపు వేసుకున్నాక ఏడుపొచ్చింది. ఆయన వచ్చాక చెబితే, "మురికి పోయింది, అంతే కదా" అన్నారు. అంతే కాదు. అది మురికి కాదని ఎవరికైనా చెప్పాలి, అందుకే ఇక్కడ రాయడానికి వచ్చాను.

రాగి, ఇత్తడి ఊరికే నల్లబడవు. గాలి, తేమ, చేతి చెమట అన్నీ కలిసి ఏళ్ల తరబడి వాటి మీద ఒక పొర కడతాయి. ముందు గోధుమరంగు, తర్వాత నలుపు, తేమ ఎక్కువ తగిలిన చోట పచ్చదనం. అది సమంగా గట్టిపడితే లోపలి లోహాన్ని కాపాడుతుంది కూడా. చింతపండులో ఉండే టార్టారిక్ ఆసిడ్ ఆ పొరను నిమిషాల్లో కరిగించేస్తుంది, మిగిలింది కొబ్బరి పీచు గీకేస్తుంది. పాత నాణేలు దాచుకునేవాళ్లు మొట్టమొదట చెప్పే మాటే తోమొద్దని. తోమిన నాణెం ధర పడిపోతుందంటారు, నాకు ధరతో పని లేదు. నేనెప్పుడూ వాటిని అమ్మను. కానీ అన్నేళ్లు పట్టి వచ్చిన రంగు మళ్లీ రావాలంటే అన్నేళ్లూ పట్టాల్సిందే కదా.

బిళ్ల కంటే చిల్లు పైసా సంగతే ఎక్కువ బాధపెడుతోంది. యుద్ధం రోజుల్లో లోహం పొదుపు చేయడానికి 1943లో ఇంగ్లీషువాళ్లు మధ్యలో పెద్ద చిల్లు పెట్టి ఆ పైసా తెచ్చారు, 1947 దాకా అచ్చయింది. పైన కిరీటం, కింద సంవత్సరం. అప్పుడు మన దగ్గర నడిచింది నిజాం సొంత నాణెం, హాలీ సిక్కా. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు, ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు వచ్చేవి. కాజీపేట జంక్షన్ పక్కనున్న ఊళ్లో అటు పైసలు ఇటు, ఇటు పైసలు అటు తిరగడంలో వింతేం లేదు. మా ఇంట్లోకి మాత్రం అది ఖర్చు పెట్టుకోవడానికి రాలేదు. బాపు చిన్నప్పుడు మొలతాడుకు కట్టారు. ఆ చిల్లులో నల్ల దారం ముక్క ఒకటి ఉండిపోయింది, అంగుళం కూడా ఉండదు, నూనె పట్టి గట్టిపడి పైసాకు అంటుకుపోయింది. ఆ దారం కోసమే నేను ఆ పైసాను దాచింది. ఇవాళ చూస్తే చిల్లు శుభ్రంగా ఉంది. అవతలి గోడ కనిపిస్తోంది.

ఇది రాస్తుంటే మళ్లీ కోపం వస్తోంది. అత్తమ్మ మీద అనుకోను. డబ్బా మీద ఏమీ రాసి లేదు, ఎవరి చేతికి దొరికినా అదే చేస్తారు. అయినా కోపం కోపమే.

ఆ గోడపెట్టెకు వాడుతున్న ట్రే గురించి వేసవి అంతా ఇక్కడ గోలగా రాశాను. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్‌లోంచి బాపు స్నేహితుడు ఇప్పించిన అక్షరాల కేసు, అంటే సీసపు అచ్చు అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టె. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల అచ్చు అక్షరాలు కావాలి కాబట్టి ఒక్క కేసుతో సరిపోయేది కాదు, అక్షరాలు పేర్చే కంపోజిటర్ చుట్టూ కేసులే ఉండేవి. నా దగ్గరున్నది అందులో ఒకటి. కర్ర గళ్లలో ఇంకా సిరా వాసన ఉంది. అడుగున దొరికిన కొన్ని సీసపు అక్షరాలను అలాగే ఉంచాను. మా చిన్నోడు వాటిని అద్దంలో పెట్టి చదవడం నేర్చుకున్నాడు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమని ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది, అది తగరం, ఆంటిమొనీ కలిపిన సీసం మరి.

మిగతా గళ్లలో ఏం పెట్టాలో ఈ నెలంతా సర్దుకుంటూ వచ్చాను. ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద దొరికిన, పగిలి ఎండిన పత్తికాయ ఒక గడిలో. బాపు కాజీపేట నుంచి ఎక్కినప్పటి అట్ట రైలు టికెట్ ఒక గడిలో. ఇప్పుడు ఆ టికెట్లు ఎక్కడున్నాయి? గట్టి అట్ట, రెండుంపావు అంగుళాల పొడవు, కిటికీ అవతల మిషన్‌లో తోస్తే ఠక్కున తేదీ పడేది. తర్వాత గోలీలు, మా అక్క పగలగొట్టుకున్న గాజుముక్కలు, చిన్నోడు వరంగల్ ఖిలాలో రాళ్ల మధ్య ఏరుకొచ్చిన గవ్వ. గురిగింజలు కూడా పెడదామనుకుని మానేశాను. విషం గింజలు, పగిలి పిల్లల నోట్లోకి పోతే ప్రమాదం. మధ్య గడి బిళ్లకు. దాని వెనక పెట్టడానికి కాగితం కూడా చేసుకున్నాను. చిక్కగా టీ డికాషన్ కాచి, చల్లారాక తెల్ల కాగితం ముంచి, ఎండలో ఆరబెట్టాను. డికాషన్‌లో రెండు ఇనప మేకులు వేసి రాత్రంతా ఉంచితే అక్కడక్కడా నలుపు తేలుతుంది. టీలో ఉండే టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. కరక్కాయ, అన్నభేది కలిపి పాతకాలంలో సిరా చేసుకున్నదీ ఇలాగే. ఆ కాగితం నిజంగా చాలా బాగా వచ్చింది. పటేల్, పట్వారీల కాలం నాటి కాగితమంటే నమ్మేలా ఉంది.

అమెరికాలో జోసెఫ్ కార్నెల్ అని ఒకాయన ఉండేవాడు, 1972లో పోయాడు. పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన చిన్న చిన్న వస్తువులను చెక్కపెట్టెల్లో అమర్చడమే ఆయన జీవితమంతా. కొత్త పెట్టె పాతదిలా కనిపించాలని ఆయన కూడా రంగుల మీద రంగులు వేసేవాడు. చనిపోయిన ఏడాదే న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లో పిల్లల కోసమని ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టారు, పెట్టెలన్నీ పిల్లల ఎత్తుకు తగిలించి. అది చదివినప్పటి నుంచి నాకు అదే కోరిక, మా హాల్లో కూడా కిందికి తగిలించాలని. చిన్నోడు కుర్చీ ఎక్కకుండా చూడాలి.

తాత బిళ్ల విషయానికి వస్తాను. అన్నం తిన్నాక దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే చింతపండు వాసన. ఆ వాసనతో ఎక్కడికో వెళ్లిపోయాను.

నాయినమ్మ ఇంట్లో దసరా. వాకిట్లో నల్లా దగ్గర పీట వేసుకుని, ముందురోజు చారు పిండిన చింతపండు పిప్పిని పొయ్యి బూడిదలో అద్ది అద్ది తోముతూ కూర్చునేది. తాత అప్పటికే లేడు. ఆజంజాహి మిల్లు గేటు దాటేటప్పుడు చూపించే ఆ బిళ్ల ఒక్కటి ఇంట్లో మిగిలింది. ఆ మిల్లును నిజాం 1934లో కట్టించాడు. వరంగల్‌లో ఎన్ని ఇళ్లు దాని కూతకు లేచి, దాని కూతకు అన్నం తిన్నాయో! మిల్లు పోయినా ఆ గ్రౌండును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. దీపాలు, చెంబులు అయ్యాక, అన్నిటికంటే చివర నాయినమ్మ బిళ్లను కొంగు ముడిలోంచి తీసేది. దాన్ని తోమే తీరు వేరు. పీచు వాడేది కాదు, బొటనవేలితో రుద్దేది. నంబరు మీద వేలు చాలాసేపు ఆగేది. ఆమెకు చదువు రాదు, ఆ నంబరు మాత్రం వేలితో తెలుసు. కడిగి, తుడిచి, పీట మీద కొడవలి, కత్తెర, బాపు పెన్ను పక్కన పెట్టి కుంకుమ బొట్టు పెట్టేది. పైన ఒక బంతిపువ్వు. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి అందరి చేతుల్లో పెట్టినట్టే దాని మీదా ఒక ఆకు పెట్టేది. ఒక దసరాకు నేను మారాం చేస్తే, తుడవకముందే నా అరచేతిలో పెట్టింది. తడి, చల్లదనం, పులుపు వాసన. "ఇది జేబుల లేకుంటే మీ తాత గడప దాటకపోతుండె" అంది. మళ్లీ వెంటనే తీసేసుకుంది. నేను ఎక్కడ పారేస్తానో అని భయం. మా అక్కకు ఎప్పుడూ ఇవ్వలేదు, దానికి ఇప్పటికీ ఆ రోషం ఉంది. పోయిన ఏడు అక్క పిల్లల చెవులు కుట్టించినప్పుడు కూడా ఎత్తింది ఆ మాట.

నాకు తెలిసిన బిళ్ల అది. పసుపుపచ్చగా, అంచులు అరిగి, మెరుస్తూ.

మరి నల్లగా ఎప్పుడైంది? నాయినమ్మ పోయాక. బాపు బీరువాలో పట్టా కాగితాల కింద ఎన్నేళ్లు పడి ఉందో. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నాకు దొరికేసరికి నల్లగా ఉంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను, ఫోటోలు కూడా తీశాను. ఆ నలుపు ఎవరూ ముట్టుకోని కాలానిది. తాతది కాదు, మిల్లుది కాదు, నాయినమ్మది అసలే కాదు. ఇవాళ అత్తమ్మ చేసింది మా ఇంట్లో ప్రతి దసరాకు జరిగిన పనే. తెలియకుండానే చేశారు, అయినా ఆ పనే.

సాయంత్రం నుంచి గుండెల మీద ఉన్న బరువు ఇక్కడికి వచ్చేసరికి సగం తగ్గింది. బిళ్లను ఇలాగే పెడతాను. దాని వెనక ఆ టీ కాగితం వద్దు. ఇందాక పెట్టి చూశాను, మెరిసే బిళ్ల ముందు ఆ కాగితం పాతదిగా నటిస్తున్నట్టుంది. కొత్తవాడలో నేసిన జంపఖానా అంచుముక్క ఒకటి ఉంది, నీలం ఎరుపు చారలది. నూలు మిల్లులో పనిచేసిన మనిషి బిళ్లకు వెనక నూలే ఉండాలి. ఫెవికాల్ పెట్టి అంటించను. చిన్న ఇత్తడి కొక్కెం వేసి తగిలిస్తాను, దసరాకు తీసి తోమడానికి వీలుగా.

అలా అయితే పెట్టె ముందు వేయిద్దామనుకున్న అద్దం వద్దు. ఇంకో కారణం కూడా ఉంది, ముందు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సీసాన్ని కర్రపెట్టెలో వేసి గాలి ఆడకుండా మూసేస్తే, కర్ర నుంచి, జిగురు నుంచి వచ్చే ఆసిడ్ ఆవిరి తగిలి సీసం మీద తెల్లటి బూజులాంటి పొడి లేస్తుంది. మ్యూజియంల వాళ్లు సీసపు వస్తువులను చెక్కపెట్టెల్లో మూసిపెట్టడానికి భయపడేది అందుకే. నా అక్షరాలకు ఆ గతి పట్టకూడదు. ఆ పొడి చిన్నోడి చేతికి అసలే అంటకూడదు. అక్షరాలను వాడికి అందని పై వరుస గళ్లలోకి మార్చాలి, గవ్వలు, గోలీలు కింది వరుసకు. దుమ్ము పడుతుంది, నిజమే. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులుపుకుంటాను. అద్దానికి, బీడింగుకు కలిపి ఫ్రేములు కట్టే అతనికి ఇచ్చిన అడ్వాన్స్ రేపు అడిగితే ఏమంటాడో. అద్దం కోసేశానంటే పోయినట్టే.

రైలు టికెట్ సంగతి వేరు, అద్దం ఉన్నా లేకపోయినా అది వెలుతురుకు వెలిసిపోతుంది. దానికి కిటికీ వైపు లేని గడి చూడాలి. లేదంటే కలర్ జిరాక్స్ తీయించి అది పెట్టి, అసలుది లోపల దాచాలి. దీని మీద ఇంకా తేల్చుకోలేదు. నకలు పెట్టడానికి మనసొప్పడం లేదు, అసలుది పాడవుతుంటే చూడటానికీ ఒప్పడం లేదు.

పైసాకు మాత్రం ఏ సమాధానమూ దొరకలేదు. బిళ్లకు చెప్పుకున్న మాట దానికి వర్తించదు. దాన్ని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ తోమలేదు, బాపు ఒంటి మీంచి తీసింది తీసినట్టే ఉండేది. ఆ దారం పోయింది. కొత్త మొలతాడు దారం తెచ్చి నూనె రాసి కట్టొచ్చు, టీ కాగితం చేసిన చేతులకు అదేం పెద్ద పని కాదు. చేయను. గడి ఖాళీగానైనా ఉంచుతాను కానీ ఆ పని చేయను. బాపు ఫోన్ చేసినప్పుడు పెట్టె ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. ఏం చెప్పాలి?

రేపు పొద్దున నీళ్లు వదలకముందే సింకు జాలీ తీసి చూస్తాను. అందులో లేకపోతే అత్తమ్మనే అడగాలి, తోమేటప్పుడు నల్ల దారం ముక్కేమైనా ఊడిందా, ఎక్కడ పారేశారు అని. పండగ ముందు ఆమెను బాధపెట్టాలని లేదు. అంత సంతోషంగా చూపించారు పాపం. కానీ అడగకుండా ఉండటం నా వల్ల కాదు.