14 మీటర్ల కైట్ నాకెందుకు?

వైజాగ్‌లో ఎవరో కైట్‌సర్ఫింగ్ సెట్ మొత్తం అమ్మేస్తున్నారని తెలిసి రాజమండ్రిలో రైలెక్కాను. కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటి మీద జారే ఆట. రైలు గురించి చెప్పడానికేం లేదు, తుని దాటాక కాలు పెట్టే చోటు కూడా లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో అబ్బాయి సాగర్‌నగర్‌కి 400 అన్నాడు. పక్కనే 900కె బస్సు నిలబడి ఉండగా 400 ఎందుకివ్వాలో నాకు అర్థం కాలేదు. బస్సులో కుడివైపు కిటికీ సీటు దొరికింది. అప్పూఘర్ దాటి తెన్నేటి పార్కు మలుపు తిరిగేసరికి నీటి మీద అక్కడక్కడా తెల్లటి నురగలు కనిపించాయి. అంటే గాలి కనీసం 12 నాట్స్, గంటకి 22 కిలోమీటర్లు, ఉన్నట్టే. రామేశ్వరంలో పాఠాలు మొదలుపెట్టినప్పటి నుంచి సముద్రం ఎక్కడ కనిపించినా ముందు నురగలే వెతుకుతున్నాను.

రామేశ్వరంలో సామానంతా స్కూలువాళ్లదే. మోకాళ్ల లోతు నీళ్లు, నిలకడైన గాలి, పక్కనే టీచరు. సొంత సామాను లేకపోతే ప్రతి సీజన్‌కీ అద్దె కడుతూనే ఉండాలి. కొత్తది కొందామంటే ఒక్క కైటే లక్ష దాటుతుంది, దిగుమతి ఖర్చులు దాని మీద అదనం. అందుకే ఈ సెకండ్‌హ్యాండ్ కబురు వినగానే అంత ఆశ పడ్డాను.

అమ్మే ఆయన జోడుగుళ్లపాలెం వైపు బీచ్‌లో కలిశారు. మంచి మనిషే, ఎత్తుగా, బలంగా ఉన్నారు. 90 కిలోలకి తక్కువుండరు. సంచీ విప్పుతూనే, "14 మీటర్లు మేడమ్! ఇంత పెద్దది మళ్లీ దొరకదు. కాస్త గాలున్నా లేచిపోతుంది. బోర్డు, బార్, హార్నెస్, పంపు, అన్నీ కలిపి 70 వేలు" అన్నారు. బార్ అంటే కైట్‌ని తిప్పడానికి చేత్తో పట్టుకునే కడ్డీ, హార్నెస్ అంటే ఆ లాగుడుని ఒంటి మీదికి తీసుకునే పట్టీ.

14 మీటర్లంటే పొడవు కాదు, గుడ్డ వైశాల్యం, చదరపు మీటర్లలో. కొత్తగా నేర్చుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పెద్దది కదా, డబ్బుకి తగ్గ సరుకు అనిపిస్తుంది. కైట్ సైజు మాత్రం మన బరువునీ ఆ చోటి గాలినీ బట్టి ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి ఒక మోటు లెక్క చెబుతారు. బరువుని కిలోల్లో తీసుకుని గాలి వేగంతో, అంటే నాట్స్‌తో, భాగించి 2.2తో గుణించాలి. నేను 56 కిలోలు. 15 నాట్స్ గాలికి, అంటే గంటకి 28 కిలోమీటర్ల గాలికి, నాకు 8 మీటర్ల పైచిలుకు కైట్ చాలు. కొంచెం తక్కువ గాలి కూడా కలిసిరావాలంటే 9. అదే గాలికి ఆయన బరువు మనిషికి 13 పైనే వస్తుంది. ఆయన మటుకు సరైనదే కొనుక్కున్నారు. నా చేతికిస్తే, చిన్న గాలి విసురుకే నన్ను ఇసుక మీంచి లేపి బీచ్ రోడ్డు వైపు పడేయగలదు. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. 10 నాట్స్‌లో మెత్తగా ఉన్న కైట్ 20 నాట్స్‌లో నాలుగు కైట్లంత. పైగా పెద్ద కైట్ నిదానంగా తిరుగుతుంది. నేర్చుకునేవాళ్లకి తిప్పడమే అసలు పాఠం.

ఇదంతా చెబితే ఆయన వినలేదు. "కొన్నాళ్లకి అలవాటైపోతుంది మేడమ్" అన్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే. నీళ్లలో ప్రాణం మీదికి వచ్చే విషయాన్ని అలవాటు కింద తీసేస్తే ఎలా?

సరే, వచ్చాం కదా, చూద్దామని పంపుతో గాలి కొట్టించాను. కైట్ ముందు అంచున గాలి నింపే గొట్టం ఉంటుంది. దానివల్లే నీళ్లలో పడినా మునిగిపోకుండా మళ్లీ లేస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన లెగేన్యూ సోదరులు 1984లో పేటెంట్ కోరింది ఈ ఏర్పాటుకే. గొట్టం గట్టిగా నింపి కనీసం రెండు గంటలు వదిలెయ్యాలి, మెత్తబడితే ఎక్కడో లీకున్నట్టు. ఆ గొట్టం నిలబడింది. గుడ్డే పోయింది. కొత్త గుడ్డ నలిపితే పరపరమంటుంది. ఇది పాత లుంగీలా చేతిలో ముద్దయిపోయింది. నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోయింది. ఎండకీ ఉప్పుకీ చివికిన గుడ్డ అలా అవుతుంది, దానికి రిపేరు లేదు.

మేము లైన్లు, అంటే కైట్‌నీ బార్‌నీ కలిపే తాళ్లు, ఇసుకలో పరుస్తుంటే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. 

"ఏటమ్మా ఇది, ఇంత పెద్ద గాలిపటం! మనిషిని ఎత్తేస్తాదా?" 

"ఎత్తేస్తుంది బాబాయ్, అందుకే చూసుకుంటున్నాను" అన్నాను. 

ఆయన ఇంకేం అడగకుండా కూర్చుని లైన్లు చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు లైన్లు, ఒక్కొక్కటీ 22 మీటర్లు. ఒక కొసన నాలుగింటినీ కలిపి నన్ను పట్టుకోమని, రెండో కొసకి నడిచి వెళ్లి, నాలుగింటినీ ఒకే బిగువున లాగాడు. మధ్య రెండు లైన్లు బెత్తెడు పొడుగొచ్చాయి. 

"ఈ రెండూ పనిజేసినవి, ఆ రెండూ కూకున్నవి. పనిజేసిన తాడూ కూకున్న తాడూ ఒక్క పొడుగుండవమ్మా."

మా టీచరు చెప్పింది సరిగ్గా ఇదే. కైట్ బరువు ఎక్కువగా మధ్యనున్న ముందు లైన్ల మీదే పడుతుంది కాబట్టి అవి సాగుతాయి. వెనక లైన్లు వాటికన్నా పొట్టివైపోతాయి. అప్పుడు బార్‌ని ఎంత వదిలినా కైట్ వెనక్కి లాక్కుని, ఆకాశంలోనే ఆగిపోయి కింద పడుతుంది. నేర్చుకునేవాళ్లు తమకే రావడం లేదని ఏడుస్తారు. తప్పు చేతిది కాదు, తాడుది. ఇంకో లైనులో ఒక ముడి కనిపిస్తే పెద్దాయన గోటితో గీరి, విప్పడానికి చూసి వదిలేశాడు. "ముడిపడ్డ కాడే తెగుద్ది" అన్నాడు. అదీ నిజమే. ఈ లైన్లు డైనీమా అనే గట్టి దారంతో చేసినవి, దానికి ముడి పడితే దాని బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. నీళ్ల మీద ఒక్క లైను తెగినా కైట్ గిరగిరా తిరుగుతూ మనిషిని లాక్కుపోతుంది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది బార్ మీద ఉన్న రిలీజ్, అంటే కైట్ లాగుడు నుంచి విడిపించే మీట. ఆపద వస్తే మూడు మెట్లు. మొదట బార్ వదిలెయ్యాలి. అప్పటికీ లాగుతుంటే రిలీజ్ తొయ్యాలి, కైట్ ఒక్క ముందు లైను మీద జెండాలా వాలిపోవాలి. అదీ చాలకపోతే మనల్ని కైట్‌కి కట్టి ఉంచే ఆఖరి తాడు, లీష్, కూడా విప్పి కైట్‌ని వదిలేసుకోవాలి. ఈ రిలీజ్ పాతది, తుప్పూ ఇసుకా పట్టి రెండు చేతులతో తోసినా కదల్లేదు. కైట్ కూడా ఇంగ్లీషు 'C' అక్షరంలా వంగే పాత రకం, బార్ పూర్తిగా వదిలినా శక్తి అంతా తగ్గదు. 2005 నుంచి వచ్చిన, విల్లులా చదునుగా ఉండే బో కైట్లలో ఆ ఇబ్బంది పోయింది. రిలీజులకి 2020లో ఐఎస్ఓ 21853 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. వాడిన కైట్ కొన్నా బార్ మాత్రం కొత్తదే కొనాలని నా గట్టి అభిప్రాయం. మిగతావాటిలో ఎంతైనా మిగుల్చుకోండి, ఇందులో మాత్రం వద్దు.

పెద్దాయన గాలి సంగతి కూడా చెప్పాడు. "ఇప్పుడు తీరం ఎంబడే ఎల్తంది. పొద్దుట ఈ గాలుండదు, నేల మీంచి సముద్రం మీదకెల్లిపోద్ది. అప్పుడెగరేస్తే నిన్ను ఎనక్కి ఎవులు తెత్తారు?" 

ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి వేసవి మధ్యాహ్నాల నైరుతి గాలి ఒడ్డు పక్కనుంచే వీస్తుంది. అది మంచిదే. కానీ ఒడ్డునే విరిగే అలలు, నాలుగడుగులకే లోతు, లోపలికి లాగే రిప్ కరెంట్లు ఉన్నాయి. గాలి కాస్త పడమరకి తిరిగితే కొండల వెనక సుడులు తిరుగుతుంది. వైజాగ్ సముద్రాన్ని నేనెంత ప్రేమించినా మొదటి పాఠాలకి ఇది చోటు కాదు.

చివరికి హార్నెస్ ఒక్కటే తీసుకున్నాను. తొడల పట్టీలున్న సీట్ హార్నెస్. నేర్చుకునేటప్పుడు కైట్ ఎక్కువసేపు తల మీదే ఉంటుంది కాబట్టి నడుము హార్నెస్ పక్కటెముకల దాకా ఎగబాకుతుంది. సీట్‌ది కదలదు. కుట్లు, కొక్కెం అన్నీ గట్టిగా ఉన్నాయి. 6 వేలన్నారు, 4 వేలకి ఇచ్చారు. బోర్డు 150 సెంటీమీటర్లది. నా బరువుకి 138 దాకా ఉంటే చాలు. మనిషికి తగ్గదాని కన్నా కొంచెం పెద్ద బోర్డు నీటి మీద త్వరగా తేలుతుంది, మొదట్లో అది మేలే. కానీ ఇంత పెద్దదైతే అంచు మీద నిలబడి తిప్పలేను. హెల్మెట్టూ, దెబ్బ తగలకుండా ఒంటికి వేసుకునే ఇంపాక్ట్ వెస్టూ ఆయన దగ్గర అసలే లేవు.

రాత్రి ఎంవీపీ కాలనీలో పిన్ని ఇంట్లో హార్నెస్ చూపిస్తే ఆవిడ ముఖం మారిపోయింది. "హుద్‌హుద్ చూశాక కూడా నీకు గాలితో ఆటలేమిటే!" అంది. 2014 అక్టోబరు 12న గంటకి 185 కిలోమీటర్ల గాలి ఈ ఊరి మీద పడ్డప్పుడు వాళ్లు బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నారట. బాల్కనీ అద్దాలు పగిలిన చప్పుడు ఇప్పటికీ చెబుతుంది. పిన్ని భయం నాకు అర్థమవుతుంది. గాలంటే ఆ భయం ఉన్నందుకే 14 మీటర్ల కైట్ వదిలి వచ్చానని చెప్పాను. లెక్కంతా చెబితే కాస్త కుదుటపడి పులుసు వడ్డించింది. ఆ వంజరం పులుసు రాజమండ్రిలో ఎంత డబ్బు పెట్టినా రాదు.

పడుకోబోయే ముందు రామేశ్వరం స్కూలుకి మెసేజ్ పెట్టాను. సీజన్ అయ్యాక వాళ్లు వాడిన 9 మీటర్ల బో కైట్ ఏదైనా అమ్ముతారా, కొత్త బార్‌తో కలిపి ఎంతవుతుంది అని. గుడ్డ నలిపి చూపించే వీడియో ఒకటి పంపమని కూడా అడిగాను.