ఒక వరద, ఏడు వార్తలు: జర్నలిజం విద్యార్థులకు

జర్నలిజం కోర్సులో చేరిన కొత్తలోనే వార్తల రకాలంటూ ఒక పట్టిక రాయిస్తారు. స్పాట్ వార్త, ప్రెస్‌మీట్ వార్త, గ్రౌండ్ రిపోర్ట్, ఫాలో అప్, విశ్లేషణ, పరిశోధనాత్మక కథనం, కోర్టు వార్త. పరీక్షకు అది సరిపోతుంది. ఫీల్డులోకి వెళ్లాక మాత్రం సరిపోదు. రకాన్ని నిర్ణయించేది విషయం కాదు, మనం అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఏ ఆధారం చూపించాలన్నది దాని వెంటే వస్తుంది. ఒకే సంఘటన మీద ఈ ఏడూ రాయొచ్చు. ఒక్కోదానికి ఆధారం వేరు, తప్పు దొర్లే చోటు వేరు.

భద్రాచలం వరదనే తీసుకుందాం. 2022 జూలై 16న అక్కడ గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఒక్క నది, ఒక్క ఊరు చాలు, అన్ని రకాలూ నేర్చుకోవచ్చు.

ముందు స్పాట్ వార్త, అంటే సంఘటన జరుగుతుండగానే ఇచ్చేది. దీని పాఠకుడు సుభాష్‌నగర్‌లోనో కొత్తకాలనీలోనో సామాన్లు సర్దాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషి. ఆయనకు కావలసినవి మూడు: నీటిమట్టం ఎంత, అది ఎన్ని గంటలకు తీసిన లెక్క, పెరుగుతోందా తగ్గుతోందా. "గోదారమ్మ ఉగ్రరూపం దాల్చింది" అని మొదలుపెడితే ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పనట్టే. లీడ్, అంటే వార్త మొదలు, ఇలా ఉండాలి (అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి): "భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం సోమవారం సాయంత్రం 4 గంటలకు 48.2 అడుగులకు చేరడంతో అధికారులు రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. మధ్యాహ్నం నుంచి గంటకు సుమారు అర అడుగు చొప్పున పెరుగుతోంది." సమయం లేని నీటిమట్టం వార్తకు పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన అంకెకు సమయం లేకపోతే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే రాయాలి.

భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48 దగ్గర, మూడోది 53 దగ్గర ఇస్తారు. ఇవి నదిలో నీటిమట్టం చూపే గేజీ మీది కొలతలు, వీధిలో నీటి లోతు కాదు. దిగువన ధవళేశ్వరంలో హెచ్చరికలను బ్యారేజీ నుంచి వదిలే నీటితో లెక్కిస్తారు: 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. "గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక" అని ఊరి పేరు లేకుండా శీర్షిక పెడితే రాజమహేంద్రవరం వైపు పాఠకుడు అది తమకేననుకుంటాడు.

క్యూసెక్కులు, టీఎంసీల గొడవ ఇంకా పెద్దది. క్యూసెక్కు ప్రవాహానికి లెక్క, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ నిల్వకు లెక్క, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. "జలాశయంలో 2 లక్షల క్యూసెక్కుల నీరుంది" అన్న వాక్యం తప్పు. నిల్వను టీఎంసీల్లో చెప్పాలి, వచ్చే నీటిని, పోయే నీటిని క్యూసెక్కుల్లో చెప్పాలి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకె నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకోండి, అధికారి తొందరలో తప్పు చెప్పినా అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

"చరిత్రలో ఎన్నడూ లేనంత" అనే మాట దగ్గర కూడా ఆగాలి. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు నమోదైంది. కాబట్టి 2022 వరదకు "1986 తర్వాత ఇదే అత్యధికం" అన్నదే సరైన మాట. రికార్డు అనే పదం వాడే ముందు పాత రికార్డు ఎంతో అదే వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ పదం తీసేయండి.

మృతుల సంఖ్యలో మరీ జాగ్రత్త అవసరం. గల్లంతైనవారు, మృతులు రెండు వేర్వేరు లెక్కలు, కలిపి చెప్పకూడదు. పోలీసులు ఒక అంకె చెబుతారు, రెవెన్యూవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఒక్కోసారి పోలీసులది తమ స్టేషన్ పరిధి లెక్క, రెవెన్యూది మండలం లెక్క. తేడా ఉంటే రెండూ రాసి, ఎవరు చెప్పారో రాయాలి. సగటు తీయడం, పెద్ద అంకెను ఎంచుకోవడం రెండూ తప్పే.

స్పాట్ వార్తను తలకిందుల పిరమిడ్‌లో, అంటే ముఖ్యమైనది ముందు, మిగతాది తర్వాత వచ్చేలా, రాయమనడానికి కారణం పేజీలో చోటు. రాత్రి డెస్క్‌లో సబ్ ఎడిటర్ పేజీ పెట్టేటప్పుడు చోటు చాలకపోతే కింది నుంచి కత్తిరిస్తారు. పునరావాస కేంద్రం ఎక్కడుందో ఆఖరి పేరాలో పెడితే ముందు పోయేది అదే. టీవీకైతే ఇదే వార్త ఫోన్ ఇన్‌లో, అంటే రిపోర్టరు ఫోన్‌లో నేరుగా చెబుతుండగా, వెళ్తుంది. రాసుకున్నది గట్టిగా చదివి గడియారం పెట్టి చూసుకోండి. కాగితం మీద బాగున్న పొడవైన సమాసం నోట్లో ఇరుక్కుంటుంది.

ప్రెస్‌మీట్ వార్తలో ప్రశ్న మారుతుంది. ఇక్కడ తేల్చాల్సింది ఎవరు ఏమన్నారన్నదే, అది నిజమా కాదా అన్నది మరో వార్త. అందుకే క్రియాపదం మీదే బరువంతా పడుతుంది. "అన్నారు", "చెప్పారు" తటస్థం. "వెల్లడించారు" అంటే దాగి ఉన్న నిజం బయటపెట్టారని అర్థం. "స్పష్టం చేశారు" అంటే అనుమానం తీరిపోయిందని మనమే ఒప్పుకున్నట్టు. "ఆరోపించారు" అంటే ఇంకా రుజువు కాలేదని. "అంగీకరించారు" అంటే తప్పు ఒప్పుకున్నారని. తెలుగు పత్రికల్లో "అన్నారు" పదే పదే రాకూడదని వీటిని మార్చి మార్చి వాడే అలవాటు ఉంది. అది శైలి కోసం అర్థాన్ని బలి పెట్టడం. "అన్నారు" పదిసార్లు వచ్చినా నష్టం లేదు.

2022 జూలై 17న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చినప్పుడు క్లౌడ్‌బరస్ట్ (కుంభవృష్టి) గురించి మాట్లాడుతూ, దీని వెనక విదేశీ కుట్ర ఉందని అంటున్నారని, అది ఎంతవరకు నిజమో తెలియదని చెప్పారు. ఆ "అంటున్నారు", ఆ "తెలియదు" వదిలేసి రాస్తే వార్తే మారిపోతుంది. దానితో పాటు ఒక వివరణ కూడా పాఠకుడికి ఇవ్వాలి. వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం చిన్న ప్రాంతంలో గంటలో 100 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ వాన పడితేనే క్లౌడ్‌బరస్ట్. పరీవాహక ప్రాంతంలో రోజుల తరబడి కురిసిన వాన వేరే సంగతి. నాయకుడి మాట పక్కన నిర్వచనం పెట్టడం వ్యాఖ్యానం కిందికి రాదు, అది రిపోర్టరు పని.

గ్రౌండ్ రిపోర్ట్ అడిగే ప్రశ్న: వరద వచ్చాక ఇక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారు? దీనికి ఆధారం మన కళ్లు, చెవులు. పునరావాస కేంద్రంలో "ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగితే కన్నీళ్లు వస్తాయి, సమాచారం రాదు. "నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారు, ఎన్నింటికి పెట్టారు?" అని అడగండి. ఎంతమందికి ఎన్ని మరుగుదొడ్లున్నాయో స్వయంగా లెక్కపెట్టండి. షుగర్ మందులు ఇంట్లోనే మునిగిపోయినవాళ్లున్నారా, నెలలు నిండిన గర్భిణులను ఎక్కడికి పంపారు అని ఏఎన్ఎంను అడగండి. ఏజెన్సీ గ్రామాల్లో కోయ మాట్లాడే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తే ఆ భాష తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. సగం అర్థమైన మాటను మన తెలుగులోకి మార్చి కొటేషన్ గుర్తుల్లో పెట్టడం వాళ్లకు అన్యాయం. పేరు, ఫొటో వేస్తామని ముందే చెప్పి ఒప్పుకుంటేనే వేయాలి. సాయం అందలేదని చెప్పిన మనిషి రేపు అదే కార్యాలయానికి దరఖాస్తుతో వెళ్లాలని గుర్తుంచుకోండి.

నా దృష్టిలో విద్యార్థులు ఎక్కువ కాలం వెచ్చించాల్సింది ఫాలో అప్ మీద. జిల్లా పేజీల్లో అన్నిటికంటే తక్కువ కనిపించేదీ, ప్రజలకు ఎక్కువ ఉపయోగపడేదీ అదే. 2022 జూలై 17 నాటి ముఖ్యమంత్రి భద్రాచలం పర్యటనలోనే వరద నుంచి శాశ్వత రక్షణకు 1000 కోట్ల రూపాయలు, బాధిత కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. మర్నాటి పత్రికలకు అది పెద్ద వార్త. ఫాలో అప్ ప్రశ్న: ఆ తర్వాత ఏమైంది?

ప్రకటించిన డబ్బు చేతికి అందేలోపు చాలా మెట్లు దాటాలి. ప్రకటన, పరిపాలనా అనుమతి జీవో, బడ్జెట్ విడుదల ఉత్తర్వు, బిల్లు, చెల్లింపు. "మంజూరైంది" అంటే జీవో వచ్చిందని మాత్రమే, "విడుదలైంది" అంటే ఖర్చయిందని కాదు. మీ వార్త ఏ మెట్టు గురించో స్పష్టంగా రాయండి, ఆ కాగితం నంబరు, తేదీ ఇవ్వండి.

కాగితం దొరక్కపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. సెక్షన్ 6 కింద ప్రజా సమాచార అధికారికి తెలుగులోనే దరఖాస్తు రాయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, లేదా వచ్చినది అసంపూర్ణమైతే, 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ప్రశ్న రాసే తీరు వల్ల. "వరద సాయం ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఈ చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్న సమాచారం, అధికారి సంజాయిషీ కాదు. "2022 జూలై వరదలకు సంబంధించి ఫలానా మండలంలో గ్రామాల వారీగా గుర్తించిన బాధిత కుటుంబాల సంఖ్య, సాయం జమ అయిన కుటుంబాల సంఖ్య, జమ చేసిన తేదీలు, తిరస్కరించినవాటి సంఖ్య, కారణాలు నమోదు చేసిన కాగితం నకలు ఇవ్వగలరు" అని అడగండి. పేర్లతో జాబితా అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే వీలుంది. గ్రామాల వారీ సంఖ్యకు ఆ సాకు ఉండదు. ఒక దరఖాస్తులో ఒకే విషయం అడగండి. ఫైలు చూపించమని కూడా అడగొచ్చు, చాలాసార్లు నకలు కంటే అదే మేలు, మీరు అడగాలని కూడా తెలియని కాగితం అందులో ఉంటుంది.

విశ్లేషణకు మంచి ఉదాహరణ పోలవరం బ్యాక్‌వాటర్ వివాదం, అంటే దిగువన గోదావరి మీద కడుతున్న ఆ ప్రాజెక్టు వల్ల నీరు వెనక్కి నిలుస్తోందా అన్న గొడవ. 2014లో ఆ ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. పోలవరం వల్లే నీరు వెనక్కి తన్నుతోందని తెలంగాణ, కాదని ఆంధ్రప్రదేశ్ 2022లో వాదించుకున్నాయి. రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టడం వార్త. కూనవరం దగ్గర కలిసే శబరి నిండుగా ఉన్నప్పుడు పైన గోదావరి ఎందుకు నెమ్మదిస్తుందో పటంతో చూపించడం వివరణ. ఏ వాదనకు ఏ సర్వే, ఏ కొలత మద్దతిస్తోందో తూచి చెప్పడం విశ్లేషణ. ఆ మూడో పనికి కేంద్ర జల సంఘం లెక్కలు, నిపుణుల మాట కావాలి. అవి లేకుండా విశ్లేషణ అని పేరు పెడితే అది అభిప్రాయం, సంపాదకీయ పేజీకి వెళ్లాలి.

పరిశోధనాత్మక కథనం మొదలయ్యేది ఎవరో ఏదో దాస్తున్నారన్న అనుమానంతో, పూర్తయ్యేది కాగితంతో. "పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి" ఒక్కరే ఆధారమైతే అది ఇంకా సమాచారమే, కథనం కాలేదు. కరకట్ట మరమ్మతు పనిలో అక్రమం జరిగిందని వినిపిస్తే ఈ వరుసలో వెతకండి: అంచనా, టెండర్ నోటీసు, ఒప్పందం, ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), నాణ్యత పరీక్ష నివేదిక, బిల్లు. ఎంబుక్‌లో పని కొలిచిన తేదీలను అదే రోజుల గేజీ లెక్కలతో పోల్చండి. కట్ట వాలు నీటిలో ఉన్న రోజున మట్టి పని కొలిచినట్టు రాసి ఉంటే మీ ప్రశ్న దొరికినట్టే. ఆ తర్వాత కాంట్రాక్టరుకు, ఇంజినీరుకు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపి, జవాబుకు తగిన గడువివ్వాలి, పంపిన తేదీ, సమయం దాచుకోవాలి. రాత్రి 9 గంటలకు ఫోన్ చేసి "స్పందించలేదు" అని రాయడం న్యాయం కాదు, పరువు నష్టం కేసులో నిలవదు కూడా.

నేర, కోర్టు వార్తల గురించి ఇక్కడ కొద్దిగానే. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి. అనుమానాస్పద మృతిపై విచారణ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 194 కింద, పాత సీఆర్‌పీసీ 174 అని రాయకండి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపడకూడదు. పిల్లల విషయంలో పేరు తీసేసి వీధి, బడి, తండ్రి వృత్తి రాసినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అదీ నిషేధిస్తుంది.

అభ్యాసం కావాలంటే వచ్చే వానాకాలంలో మీ దగ్గరి నది, చెరువు, వాగు ఏదైనా ఎంచుకోండి. నీటిమట్టం పెరిగిన రోజు సమయాలతో 150 పదాల స్పాట్ వార్త రాయండి. వారం తర్వాత నీరు నిలిచిన వీధికి వెళ్లి 500 పదాల గ్రౌండ్ రిపోర్ట్ రాయండి. ఆ వారంలో అధికారులు, నాయకులు ఇచ్చిన ప్రతి హామీనీ తేదీతో ఒక పేజీలో రాసి, సరిగ్గా 90 రోజుల తర్వాతి తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ రోజు తహసీల్దార్ కార్యాలయానికి ఆ పేజీ, ఒక తెల్ల కాగితం, 5 రూపాయలు తీసుకుని వెళ్లండి.