షాతోనఫ్-దు-పాప్ వెళ్తే ముందు తోటలోకి వెళ్లండి

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నగరం నుంచి బయల్దేరే వైన్ టూర్లలో ఒక్క పూటలోనే రెండు మూడు ఊళ్లు చుట్టేసేవి ఉంటాయి. దిగడం, నాలుగు గ్లాసులు రుచి చూడటం, ఫోటోలు, మళ్లీ బండెక్కడం. నన్నడిగితే ఆ దగ్గర్లోనే ఉన్న వైన్ ఊరు షాతోనఫ్-దు-పాప్‌ని అలా చూడటం దండగ. సుమారు 2,000 మంది ఉండే చిన్న ఊరే, కానీ ఒక రోజంతా ఇవ్వాల్సిన ఊరు, అదీ కాలినడకన.

ముందు ద్రాక్ష తోటల్లోకి నడవండి. చాలా చోట్ల మట్టే కనబడదు, అన్నీ రాళ్లే. పిడికిలంతవి, కొన్ని ఇంకా పెద్దవి, నున్నగా గుండ్రంగా, గోధుమరంగులో. ఎప్పుడో రోన్ నది ఆల్ప్స్ వైపు నుంచి దొర్లించుకుంటూ తెచ్చి పడేసినవి. సాయంత్రం ఎండ తగ్గాక వంగి ఒక రాయి మీద అరచెయ్యి పెట్టాను, ఇంకా వేడిగానే ఉంది. పగలంతా పీల్చుకున్న ఆ వేడి రాత్రి మెల్లగా బయటికొచ్చి, కాయ బాగా పండటానికి పనికొస్తుందని అక్కడివాళ్లు చెబుతారు. ఆ రాళ్ల మధ్య గ్రెనాష్ అనే రకం ద్రాక్ష మొక్కలు చాలావరకు పందిరీ తీగా లేకుండా, మోకాలి ఎత్తులో పొదల్లా విడివిడిగా నిలబడి ఉంటాయి. ఉత్తరం నుంచి కొట్టే మిస్ట్రాల్ గాలిని తట్టుకోవాలంటే అలా పొట్టిగా, బలంగా ఉండాల్సిందే. ఆ గాలిలో పది నిమిషాలు నిలబడితే ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ ఊరి మీద నాకింత గౌరవం కలగడానికి అసలు కారణం ఇక్కడి నియమాలు. ఈ ఊరి పేరు పెట్టుకుని నకిలీ వైన్ అమ్ముతుంటే 1923లో బారన్ ల రువా అనే లాయరు, ద్రాక్ష రైతు కూడా, తోటివాళ్లను కూడగట్టి షరతులు రాశాడు. అందులో ఒకటి నాకు భలే నచ్చింది: థైమ్, లావెండర్ మొక్కలు పెరిగే బీద నేలలోనే ఈ ద్రాక్ష వెయ్యాలట. ఫ్రాన్స్‌లో మొట్టమొదట అధికారిక గుర్తింపు దక్కిన వైన్ ప్రాంతాల్లో ఇదొకటి, 1936లో. 13 రకాల ద్రాక్షలు వాడుకోవచ్చు, కానీ కోత మాత్రం చేత్తోనే కొయ్యాలి, యంత్రాలు నిషేధం. అన్నట్టు 1954లో ఇక్కడి మేయరు ఎగిరే పళ్లేలు (గ్రహాంతరవాసుల వాహనాలంటారే, అవి) ఊళ్లో దిగకూడదని కూడా ఉత్తర్వు ఇచ్చాడు!

కొండమీది కోట తప్పకుండా ఎక్కండి. కాథలిక్ మతాధిపతులైన పోపులు రోమ్‌లో కాక అవిన్యోన్‌లో ఉన్న కాలంలో, 14వ శతాబ్దంలో, పోప్ 22వ జాన్ కట్టించాడు. 1944లో జర్మన్ సైన్యం వెళ్లిపోతూ పేల్చేసింది, ఇప్పుడు ప్రధానంగా మిగిలింది ఎత్తైన గోడలు, వాటికి కిటికీల ఖాళీలు. అక్కడ నిలబడితే రోన్ నది, ఆ పక్క మోఁ వాఁతూ కొండ, మధ్యలో అంతా తోటలు.

ఇంత తిరిగాక టేస్టింగ్‌కి కూర్చుంటే గ్లాసులో ఉన్నది వేరుగా తెలుస్తుంది. పెద్ద షాపుల కంటే సొంత తోట ఉన్న చిన్న కుటుంబాల సెల్లార్లకే (వైన్ నిల్వ చేసే గదులకే) నా ఓటు. రాళ్ల నేల వైన్, ఇసుక నేల వైన్ రెండూ ఉంటే పక్కపక్కన పొయ్యమని అడగండి. రాళ్ల నేలది ఒంటినిండా బలం, ఇసుక నేలది పల్చగా, సువాసనగా నాకనిపించింది. పుక్కిలించి బకెట్లో ఉమ్మెయ్యడం అక్కడ ఏమాత్రం అమర్యాద కాదు, మొహమాటపడకండి. కారు నడిపేవాళ్లు అలాగే చెయ్యాలి, ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములే. చిన్న సెల్లార్లు చాలావరకు మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, సెప్టెంబరు కోతల్లో అయితే అసలు తీరికే ఉండదు, కాబట్టి ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. తలుపు తియ్యగానే "బోఁజూర్" అనడం మాత్రం మర్చిపోకండి, ఆ ఒక్క పలకరింపుతో వాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది.