పోర్షియా మాట షైలాక్‌కి ఎందుకు ఎక్కలేదు?

షేక్‌స్పియర్ నాటకం ‘ద మర్చంట్ ఆఫ్ వెనిస్’లో, అప్పు తీర్చలేని ఆంటోనియో ఒంట్లోంచి పత్రం ప్రకారం పౌను మాంసం కోసుకుంటానని యూదు వడ్డీవ్యాపారి షైలాక్ కోర్టుకెక్కుతాడు. నాలుగో అంకంలో, న్యాయకోవిదుడి వేషంలో వచ్చిన పోర్షియా అతనికి కరుణ గురించి చెప్పే 22 పంక్తుల్ని చాలా క్లాసుల్లో విడిగా కోసి బట్టీ పట్టిస్తారు. నష్టమంతా ఆ కోతలోనే ఉంది. జిరాక్స్ తీసేటప్పుడు దాని ముందున్న నాలుగు మాటలు, తర్వాత షైలాక్ ఇచ్చే జవాబు కూడా కలపండి.

‘యూదుడు కరుణ చూపాలి’ అంటుంది పోర్షియా. షైలాక్ ఆ ‘మస్ట్’నే (చూపి తీరాలన్న మాటనే) పట్టుకుంటాడు: ఏ బలవంతం మీద చూపాలి? ప్రసంగం మొదటి పంక్తిలోని ‘నాట్ స్ట్రెయిన్డ్’ దానికే బదులు. కరుణ బలవంతాన వచ్చేది కాదని. షైలాక్ ప్రశ్న చూడని పిల్లలు ‘స్ట్రెయిన్డ్’ అంటే వడకట్టడం అనుకుంటారు. వెంటనే వాన పోలిక వస్తుంది కనక ఆ తప్పు వాళ్లకి ఒప్పుగానే తోస్తుంది.

మొదటి పది నిమిషాలు అలంకారాల జోలికి పోవద్దు. ఎవరు, ఎవరితో, ఏం చేయించాలని మాట్లాడుతున్నారు? అంతే. తర్వాత, ప్రసంగం ఎక్కడ మలుపు తిరిగిందో పెన్సిల్‌తో గీత గీయమనండి. 14వ పంక్తి మధ్యలో, ‘దేర్‌ఫోర్, జ్యూ’ (కాబట్టి, యూదుడా) దగ్గర. అప్పటిదాకా వాన, రాజు, రాజదండం, దేవుడు: ఎవరికైనా చెల్లే మాటలు. అక్కణ్ణుంచి ఒక్కడికే. కాసేపటి క్రితమే పేరు అడిగి తెలుసుకుని కూడా, ‘యూదుడా’ అని పిలుస్తోంది. ఈ ఒక్క సంబోధన మీద పావుగంట గడిపినా దండగ కాదు.

ఆ వెంటనే, మనమంతా చేసే ప్రార్థనే కరుణ నేర్పుతుందంటుంది. అది వినగానే గుర్తొచ్చేది క్రైస్తవుల ప్రార్థన. వింటున్నది ఆంటోనియో చేత ఉమ్మించుకున్న యూదుడు. నాకు చట్టమే కావాలంటాడు. చివరికి కేసు గెలిపించింది కరుణ కాదు, పత్రంలో మాంసం రాసుంది గానీ నెత్తురు రాసి లేదన్న పాయింటు.

‘ఇక్కడ ఉపమ ఉంది, అందంగా ఉంది’ అని రాస్తే మార్కు వేయకండి. వాన పోలిక తీసేసి చదివి, వాదనలో ఏం పోయిందో రాయమనండి. వానని ఎవరూ బలవంతాన కురిపించలేరు; పోయింది ఆ రుజువే. ఎథోస్ (చెప్పేవాడి మీద నమ్మకం), పేథోస్ (వినేవాడి భావోద్వేగం), లోగోస్ (తర్కం) అనే పేర్లు ఆ తర్వాతే. ముందే చెబితే పంక్తికో చీటీ అతికించి ఊరుకుంటారు.

మర్నాడు నన్నయ భారతంలోని శకుంతలని తీసుకోండి. నిండు సభలో తనెవరో ఎరగనని దుష్యంతుడు అబద్ధమాడుతుంటే, ఆమె అతణ్ణి ‘సూనృతవ్రత’ అని పిలుస్తుంది, సత్యమే వ్రతంగా పెట్టుకున్నవాడా అని. నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, దానికంటే క్రతువు, దానికంటే కొడుకు, కొడుకు కంటే సత్యవాక్యం: ఎక్కించే మెట్లన్నీ ఆ రాజు కాదనలేనివే. ‘జ్యూ’, ‘సూనృతవ్రత’ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏ పిలుపు వినేవాడి దగ్గరికి వెళ్లిందో పిల్లల్నే తేల్చమనండి.