జ్వరం గోళీ లెక్క

"అన్నా, జ్వరానికి ఓ 650 షీటు ఇవ్వు. జలుబు గోళీలు ఆరు. ఒళ్ళు నొప్పులకి కూడా ఏదైనా... కొంచెం పవర్ ఉన్నది." మెడికల్ షాపుల్లో రోజూ వినిపించే మాటే ఇది. అడిగేవాళ్ళ దృష్టిలో అవి మూడు బాధలకు మూడు మందులు. షీట్లు వెనక్కి తిప్పి చదివితే తరచూ మూడింట్లోనూ పారాసెటమాల్ ఉంటుంది.

650 అన్నది పారాసెటమాల్ మిల్లీగ్రాముల లెక్క. జలుబు గోళీల్లో చాలావాటిలో ముక్కు దిబ్బడకి ఫినైలెఫ్రిన్, తుమ్ములకి క్లోర్‌ఫెనిరమిన్, వాటితో పాటు పారాసెటమాల్ 500. నొప్పులకిచ్చే ఐబుప్రొఫెన్ గోళీలోనో ఎసిక్లోఫెనాక్ గోళీలోనో మామూలుగా ఇంకో 325. రోజుకి 650వి నాలుగు, జలుబువి మూడు, నొప్పులవి రెండు పడ్డాయనుకోండి: 2600, 1500, 650 కలిపి 4750. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 24 గంటల్లో పైహద్దు 4000. బక్కపల్చగా ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు ఆ హద్దు దాకా కూడా పోకూడదు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటల ఎడం ఉండాలి. గంటలో జ్వరం దిగలేదని ఇంకోటి మింగడం మనకు బాగా అలవాటు.

కొన్నవాళ్ళదే తప్పనడం కూడా సరికాదు. మందు అసలు పేరును బ్రాండు పేరు కంటే రెండు సైజులు పెద్ద అక్షరాల్లో వేయాలన్న నిబంధన 2018లో అమల్లోకి వచ్చింది. మూడు, అంతకంటే ఎక్కువ మందులు కలిసిన గోళీలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. జలుబు గోళీలు చాలావరకు ఆ కోవలోవే! చదవడం ఎక్కడ అవసరమో అక్కడే అక్షరాలు చీమ తలకాయలంత. చత్వారం ఉన్నవాళ్ళు ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడటం మేలు. పైగా రెండు మూడు గోళీలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆ ముక్క మనకిచ్చి, రెండో వైపు నుంచి కత్తిరించమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

పిల్లల సీసాల దగ్గర పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్పులో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125. అదే సిరప్పు 250 రకం కూడా దొరుకుతుంది. మోతాదును వయసుతో కాక బరువుతో చూడాలి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల బిడ్డకి 150 అనుకుంటే డ్రాప్స్ ఒకటిన్నర మిల్లీలీటర్లు, 125 సిరప్పు ఆరు, 250 సిరప్పు మూడు. సిరప్పు అలవాటున్న ఇంట్లో డ్రాప్స్ సీసాతో "ఐదు" పోస్తే ఒక్కసారే 500 లోపలికి పోయినట్టు. అంటే ఇవ్వాల్సిన దానికి మూడింతలు పైనే. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు, వాటిని నమ్మొద్దు. సీసాతో వచ్చిన మూతో డ్రాపరో వాడాలి, ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాకి పనికిరాదు. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసేముందు బాగా కుదపాలి. లేకపోతే పైన పలచన, చివరికి వచ్చేసరికి ఘాటు. మూడు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే సీసా జోలికి పోకుండా నేరుగా డాక్టరు దగ్గరికే.

వానాకాలంలో ఆ "పవర్" గోళీలతో ఇంకో చిక్కు. మొదటి రెండు మూడు రోజులు అది మామూలు జ్వరమో డెంగీయో చూసి చెప్పలేం. డెంగీలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, యాస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. అందుకే తేలేదాకా ఒట్టి పారాసెటమాల్, నీళ్ళు, ఓఆర్‌ఎస్. ఇక పేరూ ఊరూ లేకుండా కాగితంలో చుట్టి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని ఇచ్చే కలగలుపు గోళీలు ఎంత త్వరగా పనిచేసినా తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉన్నా మీకు తెలిసే దారి లేదు.

మోతాదు మించితే మొదటి రోజు మనిషి బాగానే కనిపిస్తాడు, మహా అయితే వికారం, వాంతి. పారాసెటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వ అడుగంటాకే అసలు దెబ్బ మొదలవుతుంది, అది పైకి తెలిసేసరికి రెండో రోజో మూడో రోజో అవుతుంది. విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ పడిందని అనుమానం వస్తే బాగానే ఉన్నాడులే అని తెల్లారేదాకా ఆగకుండా, మింగిన గోళీల ఖాళీ షీట్లు, సీసాలు చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ టైముకి ఎన్ని పడ్డాయన్నదే అక్కడ అడిగే మొదటి ప్రశ్న.