అనపగింజల డబ్బాలోకి పురుగు ఎట్ల దూరింది?

రెండేండ్ల కిందట మే నెలలో అటక మీదుండే స్టీలు డబ్బా దించి మూత తీస్తే లోపలంతా తెల్లటి పిండి, దాంట్లో గోధుమరంగు బుడ్డ పురుగులు బిలబిలమని పాకుతా ఉన్నాయి. నాలుగు కేజీల అనపగింజలు. కొన్నవి అయ్యుంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు, అవి మా ఇంటి వెనకాల సైటులో నేనే విత్తి, నీళ్లు పోసి, ఒక్కో కాయ ఏరుకుని ఎండబెట్టుకున్నవి. గింజ గింజకీ గుండ్రంగా ఒక బొక్క, ఎవరో డ్రిల్లింగ్ మిషన్ పెట్టి కొట్టినట్టు. డబ్బా మూత లూజు అయిందేమో, దాంట్లోంచే దూరుంటాయిలే అని ఆ మూతను తిట్టుకుని మొత్తం తీసి బయట పారబోసినా.

కోస్తా వాళ్లకు అర్థమయ్యేలాగా చెప్పాలంటే ఇది చిక్కుడు జాతే, కాకపోతే కాయ కోసం కాదు గింజ కోసం పెంచేది. మా అనంతపురంలో అనపకాయ, ఎండితే అనుములు అని కూడా అంటారు, హిందూపురం దిక్కు పోతే కన్నడం కలిసిపోయి అవరేకాయ అయిపోతుంది. జూన్ జూలైలో విత్తనం పెడితే తీగ పాకుతానే ఉంటుంది, ఆకులే ఆకులు, పూత మాత్రం కనపడదు. పగలు పొట్టిగా అయ్యి చలి మొదలైతే తప్ప అది పూయదు, దాని స్వభావమే అంత. ఇది తెలీక మా పక్కింటి అక్క దసరా అప్పుడు ఇది గొడ్డు తీగ అని పీకి పారేసింది. ఇంకొన్ని నెలలు ఆగుంటే సంక్రాంతికి సంగటిలోకి పచ్చి అనపకాయల పులుసు తింటా ఉండేది పాపం.

సరే పురుగు సంగతికి వస్తా. కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయినప్పుడు అవ్వతో చెప్తే పక్కుమని నవ్వింది. "ఒరేయ్, పురుగు డబ్బాలోకి దూరలేదురా, నువ్వే గింజలో పెట్టి డబ్బాలో పోసినావు" అనింది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చదువుకుంటే అవ్వ చెప్పిందే నిజం. ఈ పుచ్చు పురుగు చేనులో ఉండంగానే కాయ మీద గుడ్డు పెడుతుందంట, పిల్ల పురుగు కాయ తొలుచుకుని గింజలోకి పోయి లోపలే తిని లోపలే పెరిగి రెక్కలొచ్చినాక బొక్క చేసుకుని బయటికొస్తుంది. బయటికొచ్చింది మళ్లీ పక్క గింజ మీద గుడ్లు అతికిస్తుంది, సరిగ్గా చూస్తే తెల్లటి చుక్కల్లాగా కనపడతాయి. వేడిగా ఉంటే ఇదంతా సుమారు ఒక నెలలో అయిపోతుంది. అంటే ఫిబ్రవరిలో నాలుగు పురుగులుంటే మే కి ఎన్ని అవుతాయో లెక్కేసుకోండి. మూతదేం తప్పు లేదు, గట్టిగా బిగించి వాటికి నేనే మంచి ఇల్లు కట్టించినా.

ఇంకో తప్పు కూడా చేసినా. మాది బాగా తక్కువ వాన పడే జిల్లా అని బడిలో చెప్పించుకుని పెరిగినోళ్లం కదా, మిద్దె మీద ఒక రోజు పడేస్తే చాలు ఎండిపోతాయిలే అని ధీమా. పైన పొట్టు గలగలమంటుంది గానీ లోపల తడి ఉంటాది. గోరుతో గుచ్చితే గుంత పడకూడదు, పంటి కింద పెడితే మెత్తగా నలగకుండా టక్కుమని రెండు ముక్కలు కావల్ల, అప్పుడే ఎండినట్టు. పైగా సాయంత్రం మిద్దె మీంచి తెచ్చిన వేడి గింజల్ని అట్లే డబ్బాలో పోసి మూత పెట్టినా, రాత్రికి చల్లారి లోపల చెమట పట్టింది. రాత్రంతా చాపమీద ఆరబెట్టి తెల్లారినాక పోయాలంట. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన విషయమే కాదని అనుకుంటారేమో.

ఇప్పుడు నేను చేసేది ఇట్ల. కాయ తీగమీదే గడ్డిరంగుకు తిరిగి ఊపితే గలగలమన్నాక కోస్తా, అన్నీ ఒకేసారి ఎండవు కాబట్టి జనవరి నుంచి నాలుగైదు రోజులకొకసారి తిరగాల్సిందే. కాయలతోనే మూడు నాలుగు రోజులు మిద్దె మీద పట్ట పరిచి ఎండేస్తా, మధ్యాహ్నం పూట అవే టపటపమని పగిలి గింజలు ఎగురుతా ఉంటాయి, ఆ శబ్దం నాకు భలే ఇష్టం. పగలనివి గోనెసంచిలో పోసి కట్టెతో కొట్టి చేటతో చెరిగేది. చెరగడం నాకు ఇప్పటికీ రాదు, పొట్టుతో పాటు గింజలు కూడా కింద పోతాయి, అందుకని ఆ పని మా ఆవిడే చేస్తుంది, చేస్తా చేస్తా ఏదో ఒకటి అంటుంది కూడా. గింజలు మళ్లీ మూడు రోజులు ఎండ. విత్తనానికి పెట్టుకునేవి మాత్రం మధ్యాహ్నం కాలే సిమెంటు మీద వేయను, పొద్దుటి ఎండ చాలు, లేకపోతే మొలకెత్తవు.

తర్వాత తినేవాటిని కవర్లో గట్టిగా కట్టి ఫ్రిజ్ పైన ఫ్రీజర్ అరలో ఒక వారం పెడతా. గింజ లోపల దాక్కున్న గుడ్డూ పురుగూ అన్నీ చలికి చస్తాయి. బయటికి తీసినాక కవర్ విప్పకుండా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాల, తొందరపడి విప్పితే గింజల మీద నీళ్లు చేరి మళ్లీ మొదటికొస్తుంది.

అవ్వకి ఫ్రీజర్ అంటే నమ్మకం లేదు. ఆమెది ఎర్రమట్టి పద్ధతి. మెత్తటి ఎర్రమట్టిని జల్లించి మజ్జిగంత చిక్కగా కలిపి గింజలకు పట్టించి కర్రున ఎండబెట్టి బానలో పోసి పైన వేపాకు, బూడిద వేసి మూతికి గుడ్డ కడుతుంది. గింజ చుట్టూ మట్టి పొర ఉంటే పురుగుకు గుడ్డు అతికించడానికి పట్టు దొరకదు. కందులకూ ఇదే పూత. మాది ఎర్రనేల కాబట్టి ఇంటి ముందరే మట్టి దొరుకుతుంది, కోయిలకుంట్ల దిక్కు నల్లరేగడి వాళ్లు దీనికి ఏం చేస్తారో వాళ్లే చెప్పాల. నేను విత్తనాలకు మాత్రం అవ్వ పద్ధతే పట్టుకున్నా. ఇంకో దారి కేజీకి ఒక టీస్పూన్ ఆముదం చేత్తో పట్టించడం, అది కూడా పనిచేస్తుంది గానీ చేతులు జిడ్డు.

వంట దగ్గర ఇంకో కథ. ఎండు గింజలు రాత్రంతా నానబెట్టి కుక్కర్లో పెడితే ఏడు విజిల్స్ వచ్చినా రాళ్లలాగా ఉన్నాయి. గింజ పాతబడింది అనుకున్నాం. అసలు సంగతి మా బోరు నీళ్లు. బకెట్టుకు తెల్లగా ఉప్పు పేరుకునే నీళ్లు అవి, దాంట్లోని కాల్షియం గింజను మెత్తబడనీయదు. ఫిల్టర్ నీళ్లతో నానబెట్టి అవే నీళ్లతో... కాదు కాదు, నానిన నీళ్లు పారబోసి కొత్త ఫిల్టర్ నీళ్లు పోసి ఉడికిస్తే నాలుగు విజిల్స్‌కే వెన్నలాగా అయినాయి. నానిన నీళ్లు పారబోయడం ఈ గింజకు ముఖ్యం, ఎండు అనపగింజ సరిగ్గా ఉడక్కపోతే కడుపుకు మంచిది కాదు, పచ్చిగా నమలొద్దు. ఇంకోటి, చింతపండు మొదట్లోనే వేస్తే జన్మలో ఉడకవు, గింజ మెత్తబడినాకే పులుసు పోయాల.

ఓపిక ఉంటే పితికిపప్పు చేస్తాం. నానిన గింజను బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే పొట్టులోంచి పప్పు జారి బయటికి ఎగురుతుంది. మా పిల్లోళ్లు గిన్నెలోకి తక్కువ, ఒకరి మొహం మీదికి ఒకరు ఎక్కువ. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ధనియాలు, కొబ్బరి, గసాలు, చెక్క, రెండు లవంగాలు వేయించి నూరి పోస్తే రాగిసంగటిలోకి ఆ పులుసు ముందర మటన్ కూడా నాకు వద్దు. మా ఆవిడ ఒప్పుకోదు ఈ మాట.

ఈ సంవత్సరం పక్కింటి అక్కే వచ్చి విత్తనాలు అడిగింది, తీగ పీకిన అక్కే. మట్టి పూసి పెట్టినవి రెండు గుప్పిళ్లు ఇచ్చినా. జూన్ దాకా అట్లే పెట్టుకోమని చెప్పినా గానీ మట్టి కడగొద్దని చెప్పడం మరిచిపోయినా. నిన్న చూస్తే సుబ్బరంగా కడిగి చేటలో ఆరబోసింది, ఎంత మట్టి ఉందో చూడు అని నాకే చూపిస్తా ఉంది. సరేలే అక్కా వీటిని ఇప్పుడే గుగ్గిళ్లు చేసుకోండి, విత్తనాలు మళ్లీ ఇస్తా అని చెప్పి వచ్చినా.