ఆర్చర్ దిగనంటోంది: 9 సెకన్ల గోల

మళ్లీ అదే తంతు. ఆదివారం పైపర్ ఆర్చర్ అనే చిన్న విమానంలో ఆరు సర్క్యూట్లు (ఎగిరి, చుట్టు తిరిగి, మళ్లీ దిగడం) కొడితే నాలుగుసార్లు ఫ్లేర్ (నేలకు తగిలేముందు ముక్కు ఎత్తి వేగం తగ్గించే దశ) దగ్గర విమానం కిందికి దిగనే లేదు. అందులో ఒకసారి సగం రన్‌వే అయిపోతోందని గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) కొట్టాల్సి వచ్చింది. సెస్నా 172ఎస్‌లో రెండేళ్లు ఎగిరినవాడిని, అందులో ఇలాంటి బాధ ఎప్పుడూ లేదు. క్రాస్‌విండ్‌లో (పక్కనుంచి వీచే గాలిలో) మిగతా రెండు ల్యాండింగులూ చక్కగా కుదిరాయి, అంతే.

ఇంటికొచ్చి వీడియో నాలుగుసార్లు చూశాను. ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంచే పలకలు), 40 డిగ్రీలు. రన్‌వే అంచు దాటేటప్పుడు స్పీడ్ సూది 74 నాట్ల (గంటకు సుమారు 137 కి.మీ.) మీద ఉంది. ఫ్లేర్ మొదలైన దగ్గర్నుంచి చక్రాలు తగిలేదాకా 9 సెకన్లు. సగటున 62 నాట్లు అనుకున్నా సెకనుకు 32 మీటర్లు, అంటే దాదాపు 290 మీటర్ల రన్‌వే గాల్లోనే ఖర్చయింది!

మొదట గ్రౌండ్ ఎఫెక్ట్‌ను (నేల దగ్గర విమానం తేలిపోయే గుణాన్ని) తిట్టుకున్నాను. లో వింగ్ కదా, రెక్క నేలకు దగ్గరగా ఉంటుంది, డ్రాగ్ (గాలి అడ్డు) తగ్గుతుంది, తేలుతుంది. నిజమే. కానీ లెక్క వేస్తే అసలు దొంగ నేనే. దిగేటప్పుడు ఉండాల్సిన స్పీడ్‌గా హ్యాండ్‌బుక్‌లో ఉన్న 66 నాట్లు 2,550 పౌండ్ల పూర్తి బరువుకి. నేను ఒక్కడినే, ట్యాంకులు సగమే, మొత్తం 2,000 పౌండ్ల లోపు. స్టాల్ స్పీడ్ (ఇంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) బరువు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి నాకు కావలసింది సుమారు 59. 74తో వచ్చానంటే దాదాపు 60 శాతం ఎక్కువ శక్తి మోసుకొచ్చినట్టే. గాలి 8 నాట్లు, గస్ట్ (ఉన్నట్టుండి వీచే గాలి విసురు) 14. తేడాలో సగం, అంటే 3 కలిపితే సరిపోయేది. భయంతో ఇంకా ఎంత కలిపానో నాకే తెలీదు.

రెండో అనుమానం థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచి తగ్గించేది) మీద. సెస్నాలో నాబ్‌ని ఆగేదాకా లాగడం చేతికి అలవాటు. ఆర్చర్‌లో లీవర్. వీడియో ఆపి చూస్తే ఫ్లేర్‌లో నా బొటనవేలు లీవర్‌ని చివరిదాకా తేలేదు, టాకోమీటర్ నిమిషానికి 1,100 ఇంజన్ చుట్లు చూపిస్తోంది, అంటే పవర్ ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇది చాలా సిగ్గేసింది.

రెండిటికీ ఇంజన్ 180 హార్స్‌పవరే, గరిష్ఠ బరువూ ఒకటే, క్రూయిజ్‌లో (పైన నిలకడగా ఎగిరేటప్పుడు) తేడా నాలుగైదు నాట్లు. అయినా ఏది గొప్పదని గంటలు గంటలు వాదించుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. తేడా అంతా చేతిలో తెలుస్తుంది. 172 ముక్కు ఎత్తడం బరువు. ఆర్చర్ ఫ్లాప్స్‌కి సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేక్ లాంటి లీవర్ నాకు మహా ఇష్టం, సెస్నా కరెంట్ ఫ్లాప్స్ దిగేదాకా ఎదురుచూడటం విసుగు. ఆర్చర్‌లో ఒకసారికి ఒక ఇంధన ట్యాంకే వాడాలి, దాన్ని మార్చడం మాత్రం టైమర్ లేకుండా నాకు గుర్తుండదు. 172లో "బోత్" (రెండు ట్యాంకులూ) పెట్టి మర్చిపోవచ్చు.

వచ్చే వారం ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని 70, 66, 63 నాట్లతో రెండేసి ల్యాండింగులు, బరువు లెక్క మళ్లీ వేసుకుని. వీడియోలో సెకన్లు లెక్కపెడతాను. 59 దాకా పోయే ధైర్యం ఇప్పుడు లేదు. ఒక మిత్రుడు తన మూనీ ఎం20జే అనే ఇంకో చిన్న విమానంలో తీసుకెళ్తానంటున్నాడు. 200 హార్స్‌పవర్‌తోనే 155 నాట్ల పైన పోతుంది, కానీ స్పీడ్ ఐదు నాట్లు ఎక్కువైనా రన్‌వే చివరిదాకా తేలుతుందట. ఆ 9 సెకన్లు 4కి వచ్చాక అడుగుతాను.